పనిచోటి వివాదాల నిర్వహణ: స్టుట్‌గార్ట్‌లో సీనియర్ విశ్వవిద్యాలయ పరిశోధక పదవి

ఉద్యోగుల మధ్య, లేదా ఉద్యోగులకూ యాజమాన్యానికీ మధ్య తలెత్తే వివాదాలు ఎందుకు పుడతాయో, ఎలా ముదురుతాయో, ఏ పద్ధతిలో తేలతాయో అధ్యయనం చేయడం ఈ పదవిలో ఉన్నవారి పని. జర్మన్ విశ్వవిద్యాలయ చట్టాల్లో ఈ పేరుతో విడిగా ఒక హోదా లేదు. పారిశ్రామిక సామాజిక శాస్త్రం, వ్యాపార నిర్వహణ, శ్రామిక చట్టం, పని మనస్తత్వ శాస్త్రం విభాగాల్లోని ప్రొఫెసర్లు, సీనియర్ పరిశోధకులు ఈ బాధ్యతను పంచుకుంటారు. జర్మనీ నైరుతిన ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్ర రాజధాని స్టుట్‌గార్ట్ ఈ పరిశోధనకు సహజమైన క్షేత్రం. బాష్, డైమ్లర్ కర్మాగారాలు పెరిగిన ఈ నగరంలో కుదిరిన వేతన ఒప్పందాలు పలుమార్లు దేశంలోని లోహ పరిశ్రమ మొత్తానికీ నమూనా అయ్యాయి.

నిర్వచనం, పరిధి

జర్మన్ శ్రామిక చట్టం వివాదాలను రెండుగా విడదీస్తుంది. ఉన్న హక్కు అమలు కాలేదన్న ఫిర్యాదు హక్కు వివాదం. చేసిన పనికి జీతం ఇవ్వలేదనడం, అన్యాయంగా ఉద్యోగం నుంచి తీసేశారనడం ఈ కోవలోవి. ఇకపై నియమం ఎలా ఉండాలన్న తగాదా ప్రయోజన వివాదం. వచ్చే ఏడాది జీతం ఎంత పెరగాలి, షిఫ్టు ఎన్నింటికి మొదలవ్వాలి వంటివి ఇందులోకి వస్తాయి. మొదటి రకాన్ని శ్రామిక న్యాయస్థానం తేలుస్తుంది. రెండో రకంలో తీర్పు చెప్పే అధికారం న్యాయమూర్తికి లేదు. అక్కడ బేరం, రాజీ ప్రయత్నం, అవసరమైతే సమ్మె నడుస్తాయి.

ఈ రెంటికీ లొంగని మూడో రకం కూడా ఉంది. ఒకే జట్టులో ఇద్దరికి పడకపోవడం, పై అధికారి చిన్నచూపు, పని పంపకంలో పక్షపాతం, సహోద్యోగుల సామూహిక వేధింపు లాంటివి చాలాకాలం చట్టం కంట పడలేదు. గత నాలుగు దశాబ్దాల్లో ఎక్కువగా పెరిగింది వీటి మీది పరిశోధనే.

పరిశోధకుడు న్యాయమూర్తి కాడు, మధ్యవర్తి కూడా కానక్కరలేదు. ఆచరణలో మాత్రం ఈ గీత చెరిగిపోతూ ఉంటుంది. శ్రామిక చట్టం బోధించే ప్రొఫెసర్‌ను ఇరుపక్షాలూ రాజీ మండలి అధ్యక్షుడిగా పిలవడం జర్మనీలో పాత అలవాటు. నిన్న అధ్యయనం చేసిన కర్మాగారానికే నేడు పెద్దమనిషిగా వెళ్లడం ఎంతవరకు సబబన్న చర్చ ఈ రంగంలో ఇంకా తెగలేదు.

చారిత్రక నేపథ్యం

రాబర్ట్ బాష్ 1886లో స్టుట్‌గార్ట్‌లో చిన్న వర్క్‌షాప్ తెరిచాడు. 1906లో తన కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం అమలు చేశాడు. కార్మికుల పట్ల సానుభూతి చూపినందుకు తోటి యజమానులు అతన్ని 'ఎర్ర బాష్' అన్నారు. అయినా 1913లో అదే కర్మాగారంలో సమ్మె జరిగింది. దాని తర్వాత బాష్ యజమానుల సంఘంలో చేరాడు. మంచి యజమాని ఉన్నచోట వివాదాలు ఉండవన్న నమ్మకాన్ని ఈ ఘట్టం పూర్వపక్షం చేసింది. జర్మన్ పారిశ్రామిక సంబంధాల చరిత్రలో దీనికి ప్రత్యేక స్థానం ఇవ్వడం సమంజసమే.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే, 1918 నవంబర్ 15న, యజమానుల సంఘాలు కార్మిక సంఘాలను సమాన పక్షాలుగా గుర్తిస్తూ ఒప్పందం చేసుకున్నాయి. సంతకం చేసిన ఇద్దరు నాయకుల పేర్లతో దాన్ని ష్టిన్నెస్-లెగీన్ ఒప్పందం అంటారు. 1920 ఫిబ్రవరి 4 నాటి చట్టం ఉద్యోగులు ఎన్నుకునే కర్మాగార మండళ్లకు ప్రాణం పోసింది.

విశ్వవిద్యాలయం నుంచి కర్మాగారంలోకి అడుగుపెట్టిన తొలి పరిశోధకుల్లో ఒకరి కథ సరిగ్గా ఈ సమయంలో, స్టుట్‌గార్ట్ శివారు ఉంటర్‌ట్యుర్క్‌హైమ్‌లో జరిగింది. లైప్జిగ్‌లో న్యాయశాస్త్రం బోధించిన ఓయ్‌గెన్ రోజెన్‌ష్టాక్ (1888-1973) యుద్ధం నుంచి తిరిగివచ్చాక పాత ఉద్యోగానికి వెళ్లకుండా డైమ్లర్ కంపెనీలో చేరాడు. 1919, 1920 సంవత్సరాల్లో అతని సంపాదకత్వంలో 'డైమ్లర్ వెర్క్‌ట్సైటుంగ్' అనే కర్మాగార పత్రిక వెలువడింది. కంపెనీ డైరెక్టర్లలో ఒకడైన ఇంజనీరు పౌల్ రీబెన్‌జామ్ ఈ ప్రయత్నానికి అండగా నిలిచాడు. ఇంజనీరూ కార్మికుడూ ఒకే పత్రికలో ఒకరి మాట ఒకరు చదివేలా చేయాలన్నది ఆలోచన. 1920 ఆగస్టులో జీతం నుంచి నేరుగా పన్ను కోయడాన్ని డైమ్లర్, బాష్ కార్మికులు ఎదిరించారు. కర్మాగారాలు మూతపడ్డాయి, నగరమంతటా సమ్మె పాకింది. పత్రిక కూడా ఆ ఏడాదితోనే ఆగిపోయింది. రోజెన్‌ష్టాక్ 1921లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల కోసం ఏర్పడిన 'అకడమీ డెర్ ఆర్‌బైట్'కు నేతృత్వం వహించాడు. 1923లో బ్రెస్లావ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు, 1933లో నాజీలు అధికారానికి రాగానే అమెరికా వెళ్లిపోయాడు. యాజమాన్యం జీతం తీసుకుంటూ రెండు పక్షాల నమ్మకమూ పొందగలమా అన్న ప్రశ్న అతని రోజుల్లోనే పుట్టింది. నేటి పరిశోధకులు బయటి సంస్థలు ఇచ్చే నిధులతో పనిచేసేటప్పుడు ఎదుర్కొనేదీ అదే ప్రశ్న.

1933 మే 2న నాజీ ప్రభుత్వం కార్మిక సంఘాల కార్యాలయాలను ఆక్రమించింది. యుద్ధానంతరం సంఘాలు మళ్లీ లేచాయి. కరెన్సీ సంస్కరణ తర్వాత ధరలు భగ్గుమన్నప్పుడు, 1948 అక్టోబర్ 28న, స్టుట్‌గార్ట్ వీధుల్లో జరిగిన నిరసనను అమెరికన్ సైన్యం బాష్పవాయువుతో చెదరగొట్టి కర్ఫ్యూ విధించింది. 1949లో సామూహిక వేతన ఒప్పందాల చట్టం, 1952లో కర్మాగార వ్యవస్థాపన చట్టం వచ్చాయి. ఈ రెండో చట్టాన్ని 1972లో పూర్తిగా తిరగరాశారు.

పెద్ద సమ్మెల నుంచి నేర్చిన పాఠాలు

1963 వసంతంలో లోహ పరిశ్రమ కార్మిక సంఘం ఐజీ మెటాల్ స్టుట్‌గార్ట్ ప్రాంతంలో సమ్మెకు దిగింది. సంఘం ప్రాంతీయ నాయకుడు విల్లీ బ్లైషర్ (1907-1981) బుఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో ఏళ్ల తరబడి ఖైదీగా ఉన్నవాడు. ఎదుటి పక్షాన నిలిచిన డైమ్లర్-బెంజ్ అధికారి హాన్స్ మార్టిన్ ష్లైయర్ ఒకప్పుడు నాజీ ఎస్ఎస్ సభ్యుడు. యజమానులు లాకౌట్ ప్రకటించడంతో లక్షలమందికి పని పోయింది. చివరికి ఆర్థిక మంత్రి లుడ్విగ్ ఎర్‌హార్డ్ కలగజేసుకున్నాకే రాజీ కుదిరింది. ఇంత విరుద్ధమైన గతాలున్న ఇద్దరు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఒకే బల్ల ముందు కూర్చుని ఒప్పందాలు రాసుకున్నారు. వ్యక్తిగత వైరాన్ని సంస్థాగత నియమం ఎలా అదుపులో పెడుతుందో చూపడానికి పరిశోధకులకు ఇంతకన్నా గట్టి ఉదాహరణ అరుదు.

1973 సమ్మెలో డబ్బు ప్రధానం కాదు. అసెంబ్లీ లైన్‌పై పని వేగం, విరామం మీద పోరాటం నడిచింది. ఫలితంగా ఆ ప్రాంతంలో గంటకు ఐదు నిమిషాల విశ్రాంతి, సొంత అవసరాలకు మరో మూడు నిమిషాలు దక్కాయి. అప్పటి ప్రాంతీయ నాయకుడు ఫ్రాంట్స్ ష్టైన్‌క్యూలర్ పేరుతో కార్మికులు దాన్ని 'ష్టైన్‌క్యూలర్ విరామం' అని పిలుచుకున్నారు. పని రూపకల్పనే వివాదానికి మూలం కాగలదన్న విషయాన్ని ఆ తర్వాతి పని శాస్త్రం గట్టిగా పట్టుకుంది.

1984 వేసవిలో వారానికి 35 గంటల పని కోసం సమ్మె జరిగింది. పిస్టన్లు, రేడియేటర్లు వంటి విడిభాగాల ఫ్యాక్టరీలను ముందుగా ఆపడంతో దేశంలోని ఇతర ప్రాంతాల కారు ప్లాంట్లూ నిలిచిపోయాయి. అక్కడ పని పోయినవారికి నిరుద్యోగ భృతి ఇవ్వాలా వద్దా అన్నది మరో తగాదా అయ్యి, 1986లో చట్ట సవరణకు దారితీసింది. సమ్మె ముగింపుకు స్టుట్‌గార్ట్ పక్కనున్న లుడ్విగ్స్‌బుర్గ్ వేదిక అయింది. మాజీ మంత్రి, అంతకుముందు నిర్మాణ కార్మిక సంఘ నాయకుడు అయిన గేయోర్గ్ లేబర్ రాజీకర్తగా వ్యవహరించాడు. ఆ రాజీని లేబర్ పేరుతో పాటు కాన్‌స్టాన్స్ విశ్వవిద్యాలయ శ్రామిక చట్ట ప్రొఫెసర్ బెర్న్డ్ రూథర్స్ పేరూ కలిపి చెప్పడం కద్దు. వారపు పని 40 గంటల నుంచి సగటున 38.5 గంటలకు దిగింది. ఆ గంటలను ఎవరికి ఎలా పంచాలన్నది కర్మాగార మండళ్లకు వదిలేశారు. ఈ ఒక్క నిబంధనతో వివాదాల బరువు సంఘం బల్ల మీది నుంచి ఒక్కో కర్మాగారం లోపలికి దిగింది. స్థానిక వివాదాల పరిశోధన ఆ తర్వాత విస్తరించడానికి ఇదొక కారణం. 35 గంటల లక్ష్యం 1995 అక్టోబర్‌లో నెరవేరింది.

2004 ఫిబ్రవరిలో ప్ఫోర్ట్స్‌హైమ్‌లో కుదిరిన ఒప్పందం, ఉద్యోగాలు కాపాడేందుకైతే ఒక కంపెనీ సామూహిక ఒప్పందం నుంచి తాత్కాలికంగా పక్కకు తప్పుకోవచ్చని అనుమతించింది. 2018 ఫిబ్రవరిలో స్టుట్‌గార్ట్‌లో కుదిరిన మరో ఒప్పందంతో 4.3 శాతం జీతం పెంపు, కొంతకాలంపాటు వారానికి 28 గంటలకు పని తగ్గించుకునే హక్కు లభించాయి.

చట్ట వ్యవస్థ

కనీసం ఐదుగురు ఉద్యోగులున్న సంస్థలో 'బెట్రీబ్స్‌రాట్' అనే ఎన్నికైన కర్మాగార మండలిని ఏర్పరచుకోవచ్చు. అది కార్మిక సంఘానికి శాఖ కాదు, సమ్మెకు పిలుపునిచ్చే అధికారం దానికి లేదు. షిఫ్టులు, ఓవర్‌టైమ్, సెలవుల నియమాలు, ఉద్యోగుల మీద నిఘా పెట్టగల సాఫ్ట్‌వేర్ వంటి విషయాల్లో దాని సమ్మతి లేకుండా యాజమాన్యం ముందుకు పోలేదు. ఒప్పందం కుదరకపోతే వ్యవహారం 'ఐనిగుంగ్స్‌ష్టెల్లె' అనే రాజీ మండలికి వెళ్తుంది. ఇరువైపుల నుంచి సమాన సంఖ్యలో సభ్యులు, పైన తటస్థ అధ్యక్షుడు ఉంటారు. అధ్యక్షుడి విషయంలో ఒప్పందం లేకపోతే శ్రామిక న్యాయస్థానం నియమిస్తుంది. సమ్మతి తప్పనిసరైన విషయాల్లో మండలి నిర్ణయమే ఒప్పందంగా చెల్లుతుంది. ఖర్చంతా యజమానిదే. ఈ చివరి నిబంధన వల్ల యజమానులు ముందే మాట్లాడుకుని తేల్చుకోవడానికి మొగ్గుచూపుతారని చాలామంది పరిశీలకులు భావిస్తారు.

ఉద్యోగం నుంచి తొలగింపు నోటీసు అందితే మూడు వారాల్లోగా కోర్టులో దావా వేయాలి, గడువు దాటితే హక్కు దాదాపు పోయినట్టే. శ్రామిక న్యాయస్థానంలో విచారణ ముందుగా రాజీ ప్రయత్నంతో మొదలవుతుంది. అది విఫలమైతే ఒక వృత్తి న్యాయమూర్తి, యజమానుల వైపు నుంచి ఒకరు, ఉద్యోగుల వైపు నుంచి ఒకరు కలిసి తీర్పు చెబుతారు. రాష్ట్ర స్థాయి అప్పీలు న్యాయస్థానం స్టుట్‌గార్ట్‌లోనే ఉంది, మన్‌హైమ్, ఫ్రైబుర్గ్‌లలో దాని శాఖలున్నాయి.

2006 నాటి సమాన పరిగణన చట్టం ప్రకారం వివక్షపై ఫిర్యాదులు తీసుకునే కేంద్రం ప్రతి సంస్థలోనూ ఉండాలి. ఆరోగ్యానికి మానసిక ఒత్తిడి కలిగించే ప్రమాదాన్నీ యజమాని అంచనా వేయాలని 2013లో స్పష్టం చేశారు. 2012లో మీడియేషన్ చట్టం వచ్చింది. గుర్తింపు పొందిన మీడియేటర్ శిక్షణ మొదట 120 గంటలుండగా 2024లో 130 గంటలకు పెంచారు. పనిచోట హింస, వేధింపుల నిర్మూలనకు సంబంధించిన 190వ అంతర్జాతీయ శ్రామిక ఒడంబడికను జర్మనీ 2023లో ఆమోదించింది. మాబింగ్‌కు, అంటే గుంపుగట్టి వేధించడానికి, విడి చట్టం మాత్రం ఇప్పటికీ లేదు. (చూడండి: శ్రామిక న్యాయస్థానం, మీడియేషన్.)

సిద్ధాంతాలు

సామాజిక శాస్త్రవేత్త రాల్ఫ్ డారెన్‌డార్ఫ్ 1957లో ప్రచురించిన వర్గ సంఘర్షణ గ్రంథంలో, సంఘర్షణను తుడిచివేయలేమనీ నియంత్రించగలమనీ వాదించాడు. ఆ తర్వాత ట్యూబింగెన్‌లో, కాన్‌స్టాన్స్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశాడు, కొద్దికాలం స్టుట్‌గార్ట్‌లోని రాష్ట్ర శాసనసభలో సభ్యుడిగా కూర్చున్నాడు. వాల్టర్ మ్యులర్-యెంట్ష్ జర్మన్ పద్ధతిని 'సంఘర్షణ భాగస్వామ్యం' అన్నాడు. ఎదురెదురుగా నిలుస్తూనే ఒకరినొకరు చట్టబద్ధ పక్షంగా ఒప్పుకోవడం ఇందులోని అంతరార్థం.

ఆస్ట్రియా పండితుడు ఫ్రీడ్రిష్ గ్లాజ్ల్ రాసిన 'కాన్‌ఫ్లిక్ట్‌మానేజ్‌మెంట్' 1980లో వెలువడింది. స్టుట్‌గార్ట్‌కు చెందిన ఫ్రైయెస్ గైస్టెస్‌లేబెన్ ప్రచురణ సంస్థ, బెర్న్‌కు చెందిన హౌప్ట్ సంస్థతో కలిసి దీన్ని పాఠకులకు అందిస్తోంది. జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో మీడియేటర్లకు ఇది ప్రాథమిక గ్రంథం. వివాదం తొమ్మిది మెట్లు దిగుతుందని గ్లాజ్ల్ వర్ణించాడు. మొదట పట్టుదలలు బిగుసుకుంటాయి, వాగ్వాదం ముదురుతుంది, మాటలు మాని చేతలకు దిగుతారు. తరువాత మద్దతుదారులను కూడగట్టుకుంటారు, ఎదుటివారి పరువు తీస్తారు, బెదిరిస్తారు. చివరి మూడు మెట్లలో చిన్నదెబ్బ, పెద్దదెబ్బ, ఆఖరుకు తాను మునిగినా ఎదుటివాడు మునిగితే చాలన్న స్థితి. మొదటి మూడింట ఇద్దరూ గెలవచ్చు, నడిమి మూడింట ఒకరే గెలుస్తారు, చివరి మూడింట ఇద్దరూ ఓడతారు. ఏ మెట్టు దగ్గర ఎవరు జోక్యం చేసుకోవాలో కూడా ఆయన సూచించాడు. పై మెట్లలో జట్టు నాయకుడి సంభాషణ సరిపోతుంది, మధ్యలో బయటి మీడియేటర్ కావాలి, అట్టడుగున అధికారం ఉన్నవారి ఆదేశమే దిక్కు. మెట్ల లెక్క నిజజీవితంలో ఇంత వరుసగా నడవదన్న విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే. అయినా కర్మాగారంలో కూర్చుని మాట్లాడుకోవడానికి ఇరుపక్షాలకూ ఒక భాషను ఇచ్చిన ఘనత దీనికుంది.

మాబింగ్ పరిశోధనకు బాట వేసినవాడు జర్మనీలో పుట్టి స్వీడన్‌లో స్థిరపడిన హైంట్స్ లేమన్. 45 రకాల వేధింపు చర్యల జాబితా ఆయన రూపొందించాడు. వాటిలో ఏదో ఒకటి వారానికి కనీసం ఒకసారి, ఆరు నెలలకు తగ్గకుండా సాగితే మాబింగ్‌గా పరిగణించాలన్నాడు. (చూడండి: పనిచోటి వేధింపు.)

సంస్థలు

స్టుట్‌గార్ట్ నగర దక్షిణాన ఉన్న హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయానికి 1818లో వ్యవసాయ విద్యాలయంగా పునాది పడింది. 1816 నాటి వేసవి లేని సంవత్సరం తెచ్చిన కరువు ఆ స్థాపనకు నేపథ్యం. ఇప్పుడు అక్కడ వ్యాపార, ఆర్థిక, సామాజిక శాస్త్రాల విభాగం పెద్దది. 1829లో వృత్తి పాఠశాలగా మొదలై 1967లో విశ్వవిద్యాలయం అనే పేరు పొందిన స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్‌కు ప్రసిద్ధి. అక్కడి పని శాస్త్ర, సాంకేతిక నిర్వహణ సంస్థ 1981లో ఏర్పడిన ఫ్రౌన్‌హోఫర్ పని శాస్త్ర సంస్థతో చేతులు కలిపి పనిచేస్తుంది. కార్యాలయ రూపకల్పన, షిఫ్టులు, డిజిటల్ పని మీద ఈ జంట నుంచి అధ్యయనాలు వస్తాయి. 2009లో ఏర్పడిన బాడెన్-వ్యుర్టెంబెర్గ్ ద్వంద్వ విశ్వవిద్యాలయం విద్యార్థులను సగం కాలం కంపెనీలోనే ఉంచుతుంది. కంపెనీలో పెరిగిన తగాదా తరగతి గదిలోకి నేరుగా వచ్చే చోటు ఇదొక్కటే కావచ్చు.

పదవి: హోదాలు, నియామకం

ప్రొఫెసర్ పదవులు డబ్ల్యూ1, డబ్ల్యూ2, డబ్ల్యూ3 అనే వేతన శ్రేణుల్లో ఉంటాయి. పీఠాధిపతి సాధారణంగా డబ్ల్యూ3లో ఉంటారు. 2002 నుంచి ఉన్న జూనియర్ ప్రొఫెసర్ డబ్ల్యూ1కు చెందుతారు. ప్రొఫెసర్ కాని సీనియర్ పరిశోధకులు ప్రభుత్వోద్యోగులైతే అకడమిక్ రాట్, ఓబర్‌రాట్ అనే హోదాల్లోనూ, ఒప్పంద ఉద్యోగులైతే రాష్ట్రాల వేతన ఒప్పందం కింద ఈ13, ఈ14 శ్రేణుల్లోనూ ఉంటారు. ప్రొఫెసర్‌కు డాక్టరేట్ తర్వాత హాబిలిటేషన్ అనే రెండో పెద్ద సిద్ధాంత గ్రంథం లేదా దానికి సమానమైన పరిశోధన అవసరం. ఆహ్వాన కమిటీ అభ్యర్థుల వరుసను తయారు చేస్తుంది, బయటి నిపుణుల అభిప్రాయం తీసుకుంటుంది. బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ సాధారణంగా వారానికి 9 గంటలు బోధించాలి.

2007 నాటి శాస్త్రీయ ఒప్పందకాల చట్టం కింద డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లకు మించి తాత్కాలిక నియామకం సాధారణంగా కుదరదు. ఆ గడువు ముగిసేలోగా శాశ్వత పదవి దొరక్కపోతే జర్మన్ విద్యారంగంలో దారి దాదాపు మూసుకుపోతుంది. ఈ చట్టాన్ని సమర్థించిన ప్రభుత్వ ప్రచార వీడియో ఒకదానికి 2021లో వేలాదిమంది పరిశోధకులు, అందులోని పాత్ర పేరుతో 'నేనే హన్నా' అన్న నినాదం ఎత్తుకుని సామాజిక మాధ్యమాల్లో ఎదురు మాట్లాడారు. పనిచోటి వివాదాలను అధ్యయనం చేసేవారే అలాంటి వివాదంలో ఒక పక్షం కావడం ఈ పదవికి మాత్రమే ఉన్న విడ్డూరం.

పని తీరు

తొలి అడ్డంకి ప్రవేశం. కర్మాగార మండలి సమ్మతి లేకుండా ఉద్యోగులకు యాజమాన్యం ప్రశ్నావళి పంచలేదని చట్టం చెబుతుంది. పరిశోధన సర్వేలకు కూడా దాదాపు అదే ఆచారం వర్తిస్తుంది. యాజమాన్యం సరే అన్నాక మండలి ఎదుట మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. 2018 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ సమాచార రక్షణ నియమావళి ప్రకారం ఏ జవాబు ఎవరిదో తెలియకుండా చూడాలి. ముప్పైమంది ఉన్న విభాగంలో వయసు, లింగం, పదవి మూడూ అడిగితే మనిషి దొరికిపోతాడు. కాబట్టి ప్రశ్న ఎంత పదునుగా ఉండాలన్నది గణాంకానికే కాదు, విశ్వాసానికీ సంబంధించినది.

పరిశోధకులు సుదీర్ఘ ముఖాముఖీలు చేస్తారు, సమావేశాలు గమనిస్తారు, కోర్టు తీర్పులు, రాజీ మండలి నిర్ణయాల నకళ్లు పరిశీలిస్తారు. దేశవ్యాప్త అంచనాల కోసం నూర్న్‌బెర్గ్‌లోని ఉపాధి పరిశోధన సంస్థ నడిపే సంస్థల సర్వే, డ్యుస్సెల్‌డార్ఫ్‌లోని హాన్స్ బ్యోక్లర్ ప్రతిష్ఠానం వారి కర్మాగార మండళ్ల సర్వే వాడుతారు. ఈ ప్రతిష్ఠానం కార్మిక సంఘాల సమాఖ్యకు చెందినది. ఎవరి నిధులతో ఏ ప్రశ్న అడిగారో రాయడం ప్రచురణ ఆచారం.

కొన్ని పెద్ద కంపెనీలు ఇంటి లోపలి మీడియేటర్లను తయారు చేసుకున్నాయి. అదే రాష్ట్రంలోని వాల్డోర్ఫ్‌లో ఉన్న ఎస్ఏపీ సంస్థ ఇందుకు ఉదాహరణ. శిక్షణ పొందిన ఉద్యోగులు తమ సొంత పనితో పాటు ఇతర విభాగాల తగాదాలకు సాయపడతారు. వీరు కంపెనీ జీతం తీసుకుంటూ తటస్థంగా ఉండగలరా అన్నది నేటి పరిశోధనాంశం. శతాబ్దం కిందట రోజెన్‌ష్టాక్ ఎదుర్కొన్న సమస్యకు ఇది కొత్త రూపమే.

విశ్వవిద్యాలయం లోపలి వివాదాలు

రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బెట్రీబ్స్‌రాట్ ఉండదు. ప్రభుత్వ సంస్థ కాబట్టి రాష్ట్ర చట్టం కింద ఎన్నికైన సిబ్బంది మండలి ఉంటుంది, దాని అధికారాలు కొంత భిన్నం. పరిశోధన నీతికి సంబంధించిన తగాదాలకు ఓంబుడ్స్ వ్యక్తి ఉంటారు. ఎవరి పేరు వ్యాసంలో ముందు వేయాలి, సేకరించిన సమాచారం ఎవరిది అన్నవి ఈ కోవలోవి. జర్మన్ పరిశోధన ప్రతిష్ఠానం 1998లో సిఫార్సులు, 2019లో పూర్తి నియమావళి ప్రకటించింది. డాక్టరేట్ విద్యార్థి ఒకే ప్రొఫెసర్‌పై జీతం, పరిశోధన, సిఫార్సు మూడింటికీ ఆధారపడటం ఫిర్యాదుల్ని లోపలే అణచివేసే ప్రధాన కారణంగా గుర్తించారు.

సమీప రంగం: ప్రజా వివాదాలు

స్టుట్‌గార్ట్ రైల్వే స్టేషన్ పునర్నిర్మాణంపై చెలరేగిన ఆందోళనలో 2010 శరత్కాలంలో రాజకీయ నాయకుడు హైనర్ గైస్లర్ రాజీ చర్చలు నడిపాడు. టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసారం కావడంతో ఆ పద్ధతి దేశమంతా ఇళ్లలో చర్చకు వచ్చింది. అంతకుముందు 2007లో రైలు డ్రైవర్ల సంఘానికీ రైల్వేకూ మధ్య రాజీ ప్రయత్నం చేసిన ఇద్దరిలో ఆయన ఒకరు. శ్రామిక రంగంలో నలిగిన పద్ధతులు పౌర వివాదాలకు ఎంతవరకు పనికొస్తాయన్న అధ్యయనాలకు ఇది ఊతమిచ్చింది. (చూడండి: స్టుట్‌గార్ట్ 21.)

భారత, తెలుగు సందర్భం

ఈ రంగంలో తెలుగువారికి బాగా తెలిసిన పేరు వరాహగిరి వెంకటగిరి (1894-1980). బరంపురంలో పుట్టి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టి, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. ప్రభుత్వం తీర్పు రుద్దే పద్ధతి కన్నా ఇరుపక్షాల బేరం, ఇష్టపూర్వక ఆర్బిట్రేషన్ మేలని ఆయన వాదం. బ్యాంకు ఉద్యోగుల ట్రిబ్యునల్ అవార్డును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవి వదిలేశాడు. జర్మన్ వ్యవస్థ నిలుచున్న సూత్రానికి ఈ వాదం దగ్గరగా ఉంటుంది. 1974లో ఏర్పడిన జాతీయ శ్రామిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. అది ఇప్పుడు నోయిడాలో ఉంది.

భారతదేశంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం వందమంది, అంతకు పైగా కార్మికులున్న చోట ఇరుపక్షాల ప్రతినిధులతో వర్క్స్ కమిటీ ఏర్పాటుకు వీలు కల్పించింది. దానికి సలహా ఇచ్చే శక్తి ఉందే గానీ, జర్మన్ మండలికున్న అడ్డుకునే అధికారం లేదు. 2020లో ఆమోదం పొందిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ చట్టం స్థానంలోకి 2025 నవంబర్‌లో వచ్చింది. ఇరవైమంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని అది కోరుతుంది.

స్టుట్‌గార్ట్ ప్రాంత కంపెనీల్లో పనిచేసే తెలుగు ఇంజనీర్లకు పౌరసత్వంతో నిమిత్తం లేకుండా కర్మాగార మండలి ఎన్నికల్లో ఓటుంది, ఆరు నెలల సర్వీసు తర్వాత పోటీ చేసే హక్కూ ఉంది. పై స్థాయి నిర్ణయాధికారం ఉన్న అధికారులు మాత్రం ఇందులోకి రారు. నివాస అనుమతి ఉద్యోగంతో ముడిపడి ఉన్నవారు ఫిర్యాదుకు వెనకాడటం సహజం. మండలికి రహస్యంగా చెప్పుకునే వీలు, తొలగింపు నోటీసుపై మూడు వారాల గడువు వీరికి తెలిసి ఉండాల్సిన విషయాలు.

ప్రస్తుత స్థితి

విద్యుత్ కార్ల వైపు మళ్లడం, ఆర్డర్ల తగ్గుదల స్టుట్‌గార్ట్ ప్రాంతంలో ఉద్యోగాల కోతలకు దారితీశాయి. 2025 సెప్టెంబర్‌లో బాష్ తన వాహన విభాగంలో మరో 13,000 ఉద్యోగాల వరకు తగ్గిస్తామని ప్రకటించింది. పిస్టన్, ఇంధన ఇంజెక్షన్ వంటి పాత భాగాల విభాగాల్లో పనిచేసేవారికి బ్యాటరీ, సాఫ్ట్‌వేర్ వైపు శిక్షణ ఎవరు, ఏ ఖర్చుతో ఇస్తారన్నది నేటి రాజీ మండళ్ల ముందున్న ప్రధాన విషయాల్లో ఒకటి. కృత్రిమ మేధ పనిముట్లు ఉద్యోగుల పని తీరును లెక్కించడంపై మండళ్ల సమ్మతి హక్కు ఎంతవరకు వర్తిస్తుందన్నది మరొకటి. ఇంటి నుంచి పని చేసేవారి తగాదాలు ఇమెయిల్‌లోనే మొదలై ఇమెయిల్‌లోనే ముదురుతాయి. పాత పద్ధతిలో గది పక్కన కూర్చుని గమనించే పరిశోధకుడికి అవి అందవు. కర్మాగార మండలి ఎన్నికలు నాలుగేళ్లకోసారి మార్చి నుంచి మే వరకు జరుగుతాయి, 2026 అలాంటి ఎన్నికల సంవత్సరం. ఓటు వయసును 2021లో 18 నుంచి 16కు తగ్గించినందువల్ల అప్రెంటిస్‌లు ఈ ఎన్నికల్లో ఎక్కువగా పాల్గొనే వీలు కలిగింది.